రంగనాథ్ బిగించిన మిషన్లు

హిందూపురంలో మీకు రైలో బస్సో అందుకునే తొందర ఉంటే రంగనాథ్ ముందు వాషింగ్ మిషన్ మాట ఎత్తకండి. ఎత్తారో, మీ బండి పెనుకొండ దాటిపోతుంది, ఆయన ఇంకా మోటారు దగ్గరే ఉంటాడు. "ఇప్పటివి మిషన్లా అప్పా? బొమ్మలు! పాటలు పాడ్తాయి, లైట్లు ఏస్తాయి, నాలుగేండ్లకు మూల కూర్చుంటాయి" అని మొదలుపెడతాడు. ఆ తర్వాత తలాడించడం తప్ప మీరు చేయగలిగిందేమీ లేదు.

అరవై దాటిన మనిషి. బక్కపలుచటి ఒళ్లు, చొక్కా జేబులో పెన్నుకు బదులు టెస్టరు. వయసంతా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్లలో వాషింగ్ మిషన్లు బిగించీ, బాగుచేసీ బతికాడు. నిజానికి వాళ్లది వ్యాపారం చేసుకునే ఇల్లు. నాయన బజారులో బెల్లం, చింతపండు అమ్మేవాడు. కొడుకు తక్కెడ ముందు కూర్చుంటాడని ఆయన ఆశపడితే, కొడుకు కొట్టు వెనక కూర్చుని ఆగిపోయిన ఫ్యాన్లు విప్పుకునేవాడు. "బెల్లం తూచే చేతికి ఆ గ్రీజేందిరా" అని తిట్టి తిట్టి నాయనే అలిసిపోయాడు.

రెండు తొట్ల మిషన్లు ఊళ్లోకి కొత్తగా వస్తున్న రోజులవి. ఒక తొట్టిలో బట్టలు ఉతకాలి, తీసి పక్క తొట్టిలో వేస్తే అది గిరగిరా తిరిగి పిండేది. సామాన్ల షాపు షావుకారు ఒకాయన రంగనాథ్‌ను పనిలో పెట్టుకున్నాడు. పనల్లా మిషన్ను ఇంటింటికీ మోసుకుపోయి, ఉతికి చూపించి, నచ్చితే బిగించి రావడం. దానికి డెమో అని పేరు. మిషన్ను బస్సు టాపు మీద తాళ్లతో కట్టుకుని పెనుకొండకు పోతే, దిగేసరికే వెనక నలుగురు చేరేవాళ్లు. ఏ ఇంటి ముందు ఆగితే ఆ వీధి వీధంతా వచ్చేది.

అలాంటి ఒక డెమోలో గోవిందమ్మ అనే అవ్వ మిషన్ చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, "చేతులు యాడుండాయప్పా దీనికి? చేతుల్లేకుండా ఎట్ల ఉతుకుతాది?" అని అడిగింది. రంగనాథ్ ఆమె చేత్తోనే మట్టికొట్టుకున్న పంచె ఒకటి వేయించాడు. పంచె ఉతికి, పిండి, బయటికి తీసి ఇస్తే అవ్వ నమ్మలేదు. తిన్నగా బండ దగ్గరకు తీసుకుపోయి నాలుగు దెబ్బలు బాదింది. మురికి రాలేదు, తేట నీళ్లే వచ్చాయి. అందరూ నవ్వారు గానీ అవ్వ నవ్వలేదు. "బాగనే ఉతికింది. ఇది ఇంటింటికీ వస్తే మేమంతా యాడ కూర్చోని మాట్లాడుకోవల్ల?" అంది. 

మిషన్ ఇంటికొచ్చిన రోజు పండగే. మూతకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టేవాళ్లు. మొదటి ఉతుక్కి కొత్త తువాలే వేయాలి. మురికి గుడ్డతో మొదలుపెడితే మంచిది కాదట! మురికి గుడ్డల కోసమే కదమ్మా కొన్నది అని ఎవరూ అనేవాళ్లు కాదు. తర్వాత దాన్ని హాల్లో టీవీ పక్కన నిలబెట్టి, పూల గుడ్డతో ముసుగు కుట్టించేవాళ్లు. బిగించిన రంగనాథ్‌కు ఉగ్గాని, బజ్జీ పెట్టి, 'మిషనన్న' అని పేరు కూడా పెట్టారు. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు పిలిచేవాళ్లు. అంత మర్యాద తక్కెడ ముందు కూర్చుంటే దక్కేది కాదని ఆయనకు ఈనాటికీ గర్వం. 

ఇక ఆయన వాదనకు వద్దాం. పాత మిషన్లో ఏముంది? ఒక మోటారు, ఒక బెల్టు, అడుగున ఒక చక్రం, చేత్తో తిప్పే టైమరు. బెల్టు తెగితే బెల్టు వేస్తే సరిపోయేది, కెపాసిటర్ పోతే కెపాసిటర్ మారిస్తే సరిపోయేది. కొత్తవాటిలో అన్నిటి మీదా ఒక ఎలక్ట్రానిక్ బోర్డు పెత్తనం. కరెంటు కాస్త ఎక్కువతక్కువైతే బోర్డుకు అలక. బోరు నీళ్లకు లోపలి హీటరు సున్నం కొట్టిన గోడలా తయారవుతుంది. వేలెడంత బేరింగు అరిగితే దాన్ని తీయడానికి లేదు, చాలావాటిలో తొట్టి అతికించేసి ఉంటుంది, మొత్తం మార్చాల్సిందే. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి నాలుగో కాలు ఎందుకు చూపిస్తాడు? పాత మిషన్ పక్కన ఆడమనిషి కాపలా ఉండాలి. బిందెలతో నీళ్లు తెచ్చి పోయాలి, తడిసి బరువెక్కిన బట్టల్ని ఈ తొట్టిలోంచి ఆ తొట్టిలోకి ఎత్తాలి. చీరలు ఒకదానికొకటి మెలేసుకుని జడలయ్యేవి, చొక్కాలకు గుండీలు మిగిలేవి కావు. పిండే తొట్టిలో బట్టలు ఒక పక్కకు చేరితే మిషన్ దడదడలాడుతూ హాల్లోంచి వరండాలోకి నడిచొచ్చేది. కొత్తవి సగం నీళ్లతో, చప్పుడు లేకుండా, బట్ట నలగకుండా ఉతుకుతాయి. మీట నొక్కి పడుకోవచ్చు. ఇవన్నీ రంగనాథ్‌కు తెలుసు. తెలిసీ చెప్పడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన ఇంట్లోనే ఓడిపోయాడు. భార్య పద్మావతమ్మ కొన్నేళ్ల కిందటే ముందు తలుపున్న కొత్త మిషన్ తెప్పించుకుంది. ఆయన మూతి ముడుచుకుంటే ఆమె ఒకే మాటంది. "మీ పాత మిషన్ బట్టలు ఉతికింది నిజమే. నీళ్లు మోసింది ఎవరు? ఈ కొత్తది నాలుగేండ్లుండి పోతే పోనీండి. ఆ నాలుగేండ్లు నా నడుము నాకుంటాది గదా."  ఆ కొత్త మిషన్ పైపులో కండువా దారం ఇరుక్కుంటే తీసేదీ ఆయనే, తీస్తూ గొణిగేదీ ఆయనే.

ఏళ్లు గడిచాయి. కంపెనీ మనుషులు ఫోను చేస్తే వస్తున్నారు, మిషనన్నను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. పాత మిషన్లు ఒక్కొక్కటీ పాతసామాన్ల బండెక్కాయి. ఆయనకు తెలిసి ఇంకా తిరుగుతున్నది ఒక్కటే, ధర్మవరంలో పుష్ప ఇంట్లోది. ఇప్పుడు ఆయన వాదనంతా దాని మీదే నిలబడింది. ఎవరైనా కొత్త మిషన్ను పొగిడితే, "ధర్మవరం పోయి పుష్ప మిషన్ చూసి రాప్పా, పెండ్లీడు దాటిన మిషన్, దినామూ లాడ్జి దుప్పట్లు ఉతుకుతాండాది" అనేవాడు. కోర్టులో సాక్షిని పిలిచినట్టు పిలిచేవాడు.

పుష్ప మొగుడు నాగరాజు పట్టుచీరల మగ్గం నేసేవాడు. మణికట్టు నొప్పితో భార్య బట్టలు పిండలేకపోతుంటే చూడలేక, చీర కూలీ దాచి మిషన్ కొన్నాడు. కొన్న వారానికే అతనికి ఇంకో ఉపాయం తట్టింది. రంగులద్దిన పట్టు దారపు లడీలను పిండే తొట్టిలో వేసి నీళ్లు పోగొట్టేవాడు. దాంతో ఇంట్లో తెల్ల బనియన్లన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. రంగనాథ్ కోప్పడితే, "బనియన్ చొక్కాలోపల ఉంటాది, ఎవరు చూస్తారన్నా" అని నవ్వేవాడు. మంచి నవ్వు అతనిది. నాగరాజు జబ్బు చేసి పోయాక మగ్గం మూలపడింది, మిషన్ మాత్రం తిరిగింది. బస్టాండు దగ్గరి లాడ్జి దుప్పట్లు తెచ్చి ఉతికి, ఆ ఒక్క ఆధారంతో పుష్ప కూతురు కీర్తనను డిగ్రీ చదివించింది. రంగనాథ్‌కు ఆ ఇల్లన్నా, ఆ మిషనన్నా చెప్పలేనంత ప్రేమ.

ఈ వానాకాలంలో పుష్ప ఫోన్ చేసింది. "అన్నా, పిండే తొట్టి తిరగడం లే. కీర్తనేమో కొత్తది కొనేస్తానంటాది. నువ్వొచ్చి ఒక మాట చెప్పి పో."  ఆ ఒక్కటీ పోతే ఇక రంగనాథ్ మాటకు సాక్ష్యం లేదు. మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కాడు. సంచిలో పాత బ్రేకు తీగలు, కెపాసిటర్లు, వాచర్లు. పెనుకొండ కొండ కిటికీలోంచి వెనక్కి పోతుంటే, కీర్తనకు ఏమని నచ్చజెప్పాలో మనసులో వల్లె వేసుకున్నాడు.

కీర్తన ఒక ప్రైవేటు బడిలో టీచరు. మొగుడికి ఊళ్లు తిరిగే ఉద్యోగం కాబట్టి ఏడాది నిండిన కూతురు సింధూరతో అమ్మ దగ్గరే ఉంటోంది. రంగనాథ్ పెరట్లోకి వెళ్లగానే పుష్ప ఎప్పటిలాగే చెక్కపీట తెచ్చి మిషన్ ముందు వేసింది. "కింద తడిగా ఉండాదన్నా, చెప్పులు ఇడవద్దు, పీట మీద నిలబడు." ఎన్నిసార్లు వచ్చినా ఆమె అదే మర్యాద. ఆయన ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పాడు. లోపల, మూత తెరిస్తే తొట్టిని ఆపే బ్రేకు తీగ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. దాన్ని మార్చి, చక్రానికి నూనె పట్టించి, మళ్లీ ప్లగ్గు పెట్టి టైమరు తిప్పితే, తొట్టి జుయ్యిమని లేచింది. ఆ చప్పుడుకు రంగనాథ్ ముఖం పిల్లాడి ముఖమైపోయింది.

"చూసినావా పాపా? ఇంకో పదేండ్లు దీనికి ఢోకా లేదు. కొత్తది కొంటే నువ్వు దానికి సేవ జేయాల్సొస్తాది" అన్నాడు కీర్తనతో.

"బాగయితే అయ్యింది గానీ మామా, మాకు వద్దు ఇది" అంది కీర్తన.

"ఎందుకొద్దు? బాగ పిండలేదా? చప్పుడా?"

కీర్తన తల్లి వైపు చూసింది. పుష్ప వద్దన్నట్టు కళ్లతోనే సైగ చేసింది. అంతలో లోపల్నుంచి సింధూర తప్పటడుగులు వేస్తూ పెరట్లోకి వచ్చింది. ఉట్టి కాళ్లు, కింద నీళ్లు. తిరుగుతున్న మిషన్ దానికి ఎంత ముచ్చటో, రెండు చేతులూ చాపి దాని వైపే నడిచింది. పుష్ప చేతిలో దుప్పట్ల గంప అట్లాగే వదిలేసి, కేకపెట్టి ఉరికి పిల్లను ఎత్తుకుంది. గంప బోర్లాపడి ఉతికిన దుప్పట్లన్నీ బురదపాలయ్యాయి. పిల్ల జడుసుకుని ఏడుపు లంకించుకుంది.

"ఏమైందమ్మా? మిషనేమన్నా కరుస్తాదా?" అన్నాడు రంగనాథ్ నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు.

"చెప్పమ్మా. నువ్వు చెప్పకుంటే నేను చెప్తా" అంది కీర్తన. తల్లి పిల్లను భుజాన వేసుకుని పక్కకు తిరిగేసరికి తనే చెప్పింది. "అది షాక్ కొడ్తాది మామా."

"కొంచెమేన్నా" అని పుష్ప గబగబా అందుకుంది. "జివ్వుమంటాది, అంతే. చెప్పులేసుకోని పీట మీద నిలబడితే ఏమీ కాదు. నాకు అలవాటైపోయింది. వానాకాలమే కొంచెం జాస్తి."

"ఎన్ని దినాల నుంచి?"

"రెండు మూడేండ్లుంటాది."

"మూడేండ్లా! నేను వచ్చి పోతానే ఉండాను గదమ్మా. ఒక్క మాట చెప్పలేకపోతివా?"

పుష్ప పిల్ల వీపు నిమురుతూ తల వంచుకుంది. "చెప్తే తీసేయమంటావని. అదీగాక... నువ్వు ఊరూరా పుష్ప మిషన్, పుష్ప మిషన్ అని చెప్పుకుంటావంట గదన్నా. నా వల్ల నీ మాట తక్కువైపోతే ఎట్ల?"

రంగనాథ్ కాళ్ల కింది పీట వైపు చూసుకున్నాడు. ఇన్నేళ్లూ మర్యాద అనుకున్నది ఇదా! పీట దిగాడు. చెప్పులు విడిచాడు. పుష్ప వద్దన్నా, వద్దన్నా అంటున్నా వినకుండా తడి బండల మీద ఉట్టి కాళ్లతో నిలబడి, వేళ్ల వెనక భాగంతో మిషన్ రేకును తాకాడు. మోచేతి దాకా ఝల్లుమంది. పుష్పకు కొంచెమైనది అది. ఏడాది పిల్లకు ఎంతవుతుందో ఆయనకు వేరే చెప్పాలా?

స్విచ్చాపి ప్లగ్గు పీకాడు. వైరు చేత్తో పట్టుకోగానే ఎక్కడ చూడాలో ఆయనకు తెలిసిపోయింది. రెండు కాళ్ల ప్లగ్గు. దాని మెడ దగ్గర నల్ల టేపు ముడి. ఆ ముడి వేసే పద్ధతి ఆయనదే. గోరుతో విప్పితే లోపల కత్తిరించి మడిచిపెట్టిన పచ్చ వైరు కొస బయటపడింది.

మోటారు పాతబడి కరెంటు దారి తప్పి రేకులోకి వస్తే, దాన్ని మనిషి ఒంట్లోకి పోనీకుండా భూమిలోకి దింపడానికే ఆ పచ్చ వైరు. కంపెనీ మూడు కాళ్ల ప్లగ్గుతోనే పంపేది. కానీ ఆ రోజుల్లో ఈ ఊళ్లలో ఏ ఇంట చూసినా రెండు బొక్కల స్విచ్చు బోర్డే. మూడో కాలు పెట్టడానికి చోటు లేదు, ఉన్నా దాని వెనక భూమికి తీగ లేదు. ప్లగ్గు పట్టకపోతే మిషన్ తిరగదు, మిషన్ తిరగకపోతే టెంకాయ కొట్టిన ఇంట్లో అపశకునం. అందుకని అందరూ చేసిన పనే ఆయనా చేశాడు. మూడు కాళ్ల ప్లగ్గు కోసి రెండు కాళ్లది వేశాడు, పచ్చ వైరు కత్తిరించి టేపు చుట్టాడు. "ఈ పచ్చది ఎందుకన్నా?" అని ఆనాడు నాగరాజు అడిగిన మాట కూడా గుర్తొచ్చింది. "అది ఎచ్చు వైరప్పా. లేకున్నా తిరుగుతాది" అన్నాడు తను. మాట నిజమే. ఇన్నేళ్లూ తిరిగింది.

మిషన్ అంత గట్టిది కాకపోయి ఉంటే, మోటారు ముసలిదై కరెంటు కారే వయసు వచ్చేదాకా బతికేదే కాదు. ఏ గట్టిదనం గురించి ఊరూరా చెప్పుకున్నాడో అదే పుష్పను మూడేళ్లుగా కొడుతోంది. రంగనాథ్ అక్కడే పీట మీద కూర్చుండిపోయాడు.  కాసేపటికి లేచి, కటింగ్ ప్లేయరు తీసి, వైరును మిషన్ మొదట్లోకి కత్తిరించేశాడు. "నీళ్లు పట్టుకో తల్లీ దీంట్లో. ఇంక దీనికి ఆ పని చాలు."

కొత్త మిషన్ వచ్చిన రోజు కంపెనీ మనిషి వచ్చేలోపలే ఆయన ధర్మవరంలో దిగాడు. పెరట్లో గొయ్యి తవ్వించి, బొగ్గులు, ఉప్పు వేసి, ఇనుప పైపు పాతి, దాన్నుంచి కొత్త మూడు బొక్కల బోర్డు దాకా తీగ లాగాడు. టెస్టరుతో చూసుకున్నాడు, నమ్మకం చాలక బల్బు పెట్టీ చూసుకున్నాడు. "ఎండాకాలం ఈ గొయ్యిలో అప్పుడప్పుడు నీళ్లు పొయ్యి" అని చెప్పాడు. మిషన్ బిగించడం అయ్యాక పుష్ప అలవాటుగా పీట కోసం వెతికింది. ఆయన దాన్ని అప్పటికే పొయ్యిలోకని పక్కన పడేశాడు.

"ఉట్టి కాళ్లతోనే నిలబడి ముట్టుకోమ్మా" అన్నాడు.

పుష్ప చెప్పులు విడిచి, చెయ్యి చాపి, రెండుసార్లు వెనక్కి లాక్కుంది. చివరికి అరచెయ్యి మొత్తం ఆనించింది. ఏమీ కాలేదు. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. మూడేళ్లు భయపడ్డానని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

తిరుగు ప్రయాణంలో రంగనాథ్ పెనుకొండలో దిగిపోయాడు. అప్పటి నుంచి ఆయనకు ఇదే పని. తను మిషన్ బిగించిన ఇళ్లు గుర్తున్నంత మేరకు వెతుక్కుంటూ పోయి తలుపు తట్టడం, పాత మిషన్ ఉందా అని అడగడం. ఎప్పుడో పాతసామాన్లకు ఇచ్చేశామని ఎవరైనా చెబితే ఇదివరకైతే పోట్లాడేవాడు. ఇప్పుడు, "మంచి పని చేసినారు, శానా మంచి పని" అని చేతులు పట్టుకుంటున్నాడు. తన మిషన్లు బతికి ఉండకూడదని దేవుడికి దండం పెట్టుకునే రోజు వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. అయినా మెట్టు దిగి వస్తూ, మిషన్ ఉండిన మూల వైపు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాడు, అది వేరే సంగతి.

మొన్న పెనుకొండలోనే ఒక సందులో ఉమాదేవి అనే ఆమె తలుపు తీసింది. ఆమె కొత్త కోడలుగా వచ్చిన ఏడాది ఆ ఇంట్లో మిషన్ బిగించాడు. ఒక్క నిమిషం పరీక్షగా చూసి, ముఖమంతా వికసించి, "మిషనన్నవు గదా నువ్వు! రా అన్నా, రా. నీ మిషన్ ఇంకా తిరుగుతాండాది. ఇంత గట్టి మిషన్ ఇంకోటి చూడలేదప్పా మేము" అంది.

ఈ మాట వినడానికే ఆయన బతుకంతా ఈ మూడు ఊళ్లూ తిరిగాడు. ఇప్పుడు అది విని, గడప దాటకుండానే అడిగాడు.

"ఉట్టి కాళ్లతో ముట్టుకుంటాండారా తల్లీ?"

ఉమాదేవి నవ్వింది. "అయ్యో, లేదన్నా. రబ్బరు పట్టా ఏసుకోని నిలబడతాము. ఇంట్లో అందరికీ అలవాటే. ఆ సంగతి నీకెవరు చెప్పినారు?"

రంగనాథ్ సంచి భుజం నుంచి దించి, మెయిన్ స్విచ్చు యాడుండాదో చూపించమన్నాడు.